రక్తం ఇచ్చినవాడి వరస

వైకాసి నెల, మూడో ఆదివారం, సాయంత్రం.

హాల్లో ఉన్నవారు: నేను, నా భార్య, మా అక్క, పెళ్ళికూతురైన మా మనవరాలు, సేత్తూరు నుంచి వచ్చిన ఆమె కాబోయే అత్తగారు. లేనివారు: మా కొడుకూ కోడలూ. పెళ్ళిపత్రికలు తేవడానికి శివకాశి వెళ్ళారు.

నా డైరీలో ఏ రోజైనా ఇట్లాగే మొదలవుతుంది. తరాల కిందట తమిళనాడుకు వచ్చి స్థిరపడ్డ తెలుగువాళ్ళం, నెలల పేర్లు కూడా ఇక్కడివే రాస్తాను. ఆస్పత్రులకు పోయే కట్టుగుడ్డ నేసే మిల్లులో, గుడ్డ నాణ్యత చూసే ఉద్యోగం నాది. ఏ కట్ట విప్పినా ముందు తేదీ, ఆ తర్వాత విప్పేటప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళ పేర్లు రాయాలి. రిటైరయ్యాక కట్టలు పోయాయి, అలవాటు మిగిలింది. ఆ ఆదివారం పేజీలో హాజరు రాశాక ఒక్క వాక్యమే ఉంది: "టీవీలో పెళ్ళి ఆగిపోయింది, ఇంట్లోనూ ఆగిపోయేట్టుంది." ఇంకేమీ రాయడానికి ఆ రోజు చెయ్యి ఆడలేదు. మిగిలింది ఇప్పుడు రాస్తున్నాను.

ముందు ఆ సీరియల్ సంగతి చెప్పాలి. అది అమెరికా దక్షిణాదిలో ఒక చిన్న ఊరి కథ. చచ్చిపోయి కూడా చావకుండా, రక్తం తాగి బతికేవాళ్ళు కొందరు ఆ ఊళ్ళో మామూలు జనం మధ్యనే కాపురం ఉంటారు. పగలు తలుపులేసుకుని పడుకుంటారు. పొద్దుగూకాక బయటికొచ్చి పొలాలు కౌలుకిస్తారు, పక్కవాళ్ళతో గట్టు తగాదాలు పెట్టుకుంటారు, ఒకరి ఇంటి సంగతులు ఒకరు అరుగు మీద కూర్చుని చెప్పుకుంటారు. ఎప్పుడూ ఉక్కపోత, బురద, విసనకర్రలు. అందరూ తమిళంలోనే మాట్లాడతారు, ఎందుకంటే తమిళంలోకి డబ్బింగ్ చేశారు. మా మనవరాలు దాన్ని ఫోన్లో చూస్తుంటే, కళ్ళు పాడవుతాయని నేనే పెద్ద టీవీలో పెట్టుకోమన్నాను. అలా అది మా హాల్లోకి వచ్చింది.

మొదటి రోజు ఒకడు ఒక అమ్మాయి మెడ కొరకగానే నేను లేచి వరండాలోకి వెళ్ళిపోయాను. ఉద్యోగమంతా రక్తం తుడిచే గుడ్డతోనే గడిచినా, రక్తాన్ని చూసి తట్టుకునే గుండె నాకు లేదు. అక్క కూడా నా వెనకే వస్తుందనుకున్నాను. అక్కా బావా మా ఎదురింట్లోనే ఉంటారు. ఎనభై దాటిన మనిషి, మధ్యాహ్నాలు మా ఇంట్లోనే గడుపుతుంది. రాలేదు. వరండాలోకి ఆమె గొంతు మాత్రం వినబడింది.

"ఆ కొరికినోడు దీనికి ఏమి కావాల, ఏమి వరస?"

మా వాళ్ళలో ఎవరికి ఎవరు ఏమవుతారో తెలియకపోతే అక్కను అడుగుతారు. కొత్తగా చూసినవాడినైనా రెండు ప్రశ్నలు వేసి, నువ్వు నాకు అల్లుడి వరస అనో, తమ్ముడి వరస అనో తేల్చేస్తుంది. అది తేలేదాకా కాఫీ ఇవ్వదు. ఆ సీరియల్ మనుషులను కూడా కొద్ది వారాల్లోనే వరసలు కట్టేసింది. ఒక రక్తపిపాసి తన రక్తం పోసి ఎవరినైనా తనలాంటివాడిగా చేస్తే, పోసినవాడు తండ్రి. ఒకడే పోసిన ఇద్దరు అన్నదమ్ములు. మనవరాలు ఎక్కడైనా పొరబడితే అక్క దిద్దేది.

"ఆ ఎర్రజుట్టోడు వీడికి సిత్తప్ప కావాల. వాడితో ఎట్ల కొట్లాడతాడు? బుద్ధి ఉండాదా?"

"వాళ్ళు దెయ్యాలు పెద్దవ్వా. వాళ్ళకు చిన్నాన్న పెదనాన్న ఏమిటి?"

"దెయ్యమైతే సొందం, సుట్టరికం పోతుందా?"

ఇక మా పెళ్ళి సంగతి.

మా మనవరాలు మదురైలో చదువుకునేటప్పుడు, ఒక వానాకాలం స్కూటర్ జారి తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ చేయాలి, రక్తం కావాలి అన్నారు ఆస్పత్రిలో. నేనూ మా కొడుకూ బస్సులో ఉండగానే, స్నేహితుల ఫోన్ల ద్వారా కబురు తెలిసి ఎవరో కుర్రవాడు వచ్చి రక్తం ఇచ్చాడని చెప్పారు. మేము చేరేసరికి అతను ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని బిస్కెట్లు తింటున్నాడు. మాట్లాడితే తెలుగు, అదీ మన తెలుగు. సేత్తూరు వాళ్ళ అబ్బాయి, మదురైలో ట్రాక్టర్ల షోరూములో పని. ఆ రోజు నేను రెండు చేతులూ పట్టుకుని దండం పెట్టబోతే వెనక్కి జరిగాడు. ఆ తర్వాత ఆ పిల్లలిద్దరూ మాట్లాడుకుంటూ ఉన్నారని మాకు చాలాకాలానికి తెలిసింది. తెలిసాక ఎవరూ గొడవపడలేదు. అక్క రెండిళ్ళ గోత్రాలూ విచారించి, వరస కుదురుతుంది, బావ వరసే అవుతాడు అని తేల్చింది. నిశ్చయ తాంబూలాలప్పుడు అబ్బాయి తల్లి, వచ్చినవాళ్ళందరికీ వినబడేట్టు, "మా వాడు రక్తం పోసి బతికించుకున్న పిల్ల" అని చెప్పింది. మా మనవరాలు ఆ మాటకు సిగ్గుపడింది. అబ్బాయి తల వంచుకుని చేతిలో తమలపాకును మడతలు పెడుతూ ఉండిపోయాడు. మేము దాన్ని కూడా సిగ్గే అనుకున్నాం.

పెళ్ళి వైకాసి దాటాక వచ్చే ఆని నెలలో. ఆ ఆదివారం సాయంత్రానికి పత్రికలు ఇంటికి రావాలి. మరునాడు సోమవారం పొద్దున మొదటి పత్రికకు నాలుగు మూలలా పసుపు పెట్టి దేవుడి ముందు పెడితే, ఆ తర్వాత ఊళ్ళోకి తీసుకెళ్ళి పంచడం. మా ఇళ్ళలో ఆ పసుపు పెట్టేది అక్కే. పెద్దముత్తైదువ, బావ చల్లగా ఉన్నారు, ఇన్నాళ్ళుగా ఆమె పసుపు పెట్టని పత్రికతో మా వాళ్ళ పెళ్ళి ఏదీ జరగలేదు.

సేత్తూరు నుంచి అబ్బాయి తల్లి మధ్యాహ్నమే వచ్చింది. వాళ్ళ తోటలోవి ఒక బుట్ట మామిడిపళ్ళు, మనవరాలికి కుట్టించాల్సిన జాకెట్టు గుడ్డలు తెచ్చింది. ఆమె నన్ను చిన్నాన్నా అని, నా భార్యను చిన్నమ్మా అని, అక్కను పెద్దత్తా అని పిలుస్తుంది. జాకెట్ల మాటలైపోయాక బస్సుకు ఇంకా వేళ ఉందని మనవరాలు సీరియల్ పెట్టింది. ఆ రోజు దానిలోనూ పెళ్ళేనట.

"నేను ఇదంతా చూడలేదు. కథ ఏమి?" అని అడిగింది ఆమె, మామిడిపండు కోస్తూ.

"ఆ తెల్లగౌను పిల్ల ఉండాదే, ఆ ఊరి బడిలో టీచరు," అని అక్క ఉత్సాహంగా అందుకుంది. "బురదరోడ్డు మీద లారీ కొట్టేసింది. సావబోతావుంటే ఆ పక్కన నిలబడినాడే, వాడు చెయ్యి కోసుకొని రక్తం దాని నోట్లో పోసినాడు. బతికింది. ఆ మీదట ఇద్దరికీ ఇష్టమైపోయింది. ఇయ్యాల కల్యాణం."

"అట్లనా? మన కథ మాదిరే ఉండాదే!" అని ఆమె నవ్వింది. మా మనవరాలు కూడా నవ్వింది. అందరం నవ్వాం.

పెళ్ళి పొద్దుగూకాక, ఒక పాత ఇంటి తోటలో. చెట్ల కొమ్మలకు దీపాలు వేలాడుతున్నాయి. కుర్చీలకు ఒక పక్క మామూలు జనం, ఇంకో పక్క రక్తపిపాసులు. పెళ్ళికూతురి తల్లి కళ్ళు తుడుచుకుంటోంది. పెళ్ళికొడుకు నల్లకోటు వేసుకుని నిలబడ్డాడు. ఎవరో ఫిడేలు వాయిస్తున్నారు. ఉంగరాలు మార్చుకోబోతుండగా ఫిడేలు ఆగింది. వెనక నుంచి కర్ర ఊతంగా ఒక ముసలామె నడుచుకుంటూ వచ్చింది. ఆ రక్తపిపాసులందరికీ ఆమె పెద్ద. కోపంగా ఏమీ లేదు. పెళ్ళికొడుకు ముందు నిలబడి, "ఈ పిల్ల నోట్లో నీ రక్తం పడింది. మన కట్టుబాటులో రక్తం పోసినవాడు తండ్రి. తండ్రి కూతురిని పెళ్ళాడడం ఎక్కడైనా ఉందా?" అంది.

పెళ్ళికూతురు అతని వైపు తిరిగి, "నీకు ముందే తెలుసా?" అని అడిగింది.

అతను తల వంచుకున్నాడు. అంతే. తెర నల్లబడింది.

మా హాల్లో ఒక్కసారిగా అరుపులు. మనవరాలు ఒళ్ళో ఉన్న దిండు తీసి టీవీ మీదికి విసిరింది. నా భార్య "అయ్యయ్యో, పందిట్లోనా చెప్పేది!" అని నోటిమీద చెయ్యి పెట్టుకుంది. సేత్తూరు ఆమె, "పాపి ముసలిది, ముందే చెప్పకూడదా?" అంటూ చేతిలో కత్తి పళ్ళెం పక్కన పడేసింది. నాక్కూడా చేతిలో కాఫీ లుంగీ మీద ఒలికింది.

అక్క మాత్రం అరవలేదు.

"టీవీ ఆపు."

"ఉండు పెద్దవ్వా, వచ్చే వారానిది కొంచెం చూపిస్తాడు."

"ఆపమంటి గదా."

ఆగింది. అక్క మనవరాలిని దగ్గరికి రమ్మని, చెయ్యి పట్టుకుని అడిగింది.

"ఆస్పత్రిలో నీకు ఎక్కిన రక్తం ఎవరిది?"

"తెలియనట్టు అడుగుతావుండావే. ఆయనదే," అంది మనవరాలు నవ్వుతూనే. ఆ నవ్వు మొహం మీద ఉండగానే విషయం తట్టింది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను కాబట్టి ఆ మార్పు చూశాను. నవ్వు అట్లాగే ఉంది, కళ్ళు మాత్రం భయపడ్డాయి.

"పెద్దత్తా, సుమ్మా ఊరికే ఉండండి," అంది సేత్తూరు ఆమె. "అది సీరియల్."

"అది సీరియలే. ఈ పిల్ల ఒంట్లో ఉండేది సీరియల్ రక్తమా? నీ కొడుకుదే గదా? నిచ్చయం రోజు నువ్వే చెప్పితివి."

నేను కల్పించుకున్నాను. పద్ధతిగా చెబితే ఎవరైనా ఒప్పుకుంటారని నాకు ఒక నమ్మకం.

"అక్కా, విను. ఎక్కించిన రక్తం ఒంట్లో ఎప్పటికీ ఉండదు. కొన్ని నెలల్లో పాతది పోయి, సొంతది ఊరుతుంది. ఇప్పుడు ఆ పిల్ల ఒంట్లో అతని రక్తం చుక్క కూడా లేదు."

అక్క నా వైపు చూసింది.

"తాగిన పాలు ఒంట్లో ఎన్నాళ్ళు ఉంటాయిరా?"

ఆమె దేని గురించి అడుగుతోందో నాకూ నా భార్యకూ తెలుసు. అక్క చిన్నవయసులో, పక్క వీధిలో ఒక బాలింతరాలికి జ్వరమొస్తే, ఆమె బిడ్డకు తన పాలు ఇచ్చింది. ఆ బిడ్డ పెద్దవాడై ఇప్పటికీ అక్కను అమ్మా అనే పిలుస్తాడు. అతని కొడుక్కి అక్క మనవరాలిని, ఆమె కొడుకు కూతుర్ని, అడిగారు. మంచి సంబంధం. వద్దని చెప్పింది నేనే. పాల వరసలో అక్కకు అతను కొడుకు, ఆ అబ్బాయికి ఈ పిల్ల చెల్లెలవుతుంది అని, వచ్చినవాళ్ళకు కాగితం మీద గీత గీసి మరీ చూపించాను. అందరూ మెచ్చుకున్నారు.

"పాలు ఒక పూట కూడా ఉండవు గదా," అంది అక్క. "అప్పుడు వద్దంటివి. ఇప్పుడు రక్తానికి సరి అంటావుండావు. ఏది కరెక్టో నువ్వే చెప్పు."

ఇన్నేళ్ళ చదువూ లెక్కా, ఒక అమెరికా ముసలిదాని మాట ముందు నిలబడలేదు. నిజానికి ఆ ముసలిదాని మాట కూడా కాదు, నా మాటే నాకు అడ్డం తిరిగింది.

నా భార్య అక్క ముందు గొంతెత్తడం నేను చూసిన సందర్భాలు తక్కువ. ఆ రోజు ఎత్తింది. "వదినా! ఆ అబ్బాయి రక్తం ఇవ్వకపోయుంటే వరస చూసేదానికి పిల్ల ఉండునా?"

"అదేనమ్మా నేనూ చెప్పేది," అంది అక్క, ఆమె కళ్ళలోనూ నీళ్ళు. "ప్రాణం పోసినోడు తండ్రి మాదిరి గదా. నాకు మాత్రం ఆసా ఏమి, ఈ కల్యాణం నిలిచిపోవాలని? నేనే గదా వరస కుదిరింది అని చెప్పినాను. కళ్ళ ముందరే ఉండింది, కనపడలేదు. ఆ పాపి సీరియల్ చూపించింది."

అందరికన్నా ఎక్కువగా అదిరిపోయింది సేత్తూరు ఆమె. ఇది సీరియలే అన్న మనిషి, పాల వరస మాట వచ్చాక నేల చూపులు చూస్తూ కూర్చుంది. కొంచెంసేపటికి మెల్లగా అంది. "మా ఇంట్లో కూడా పాల వరస చూస్తారు పెద్దత్తా. మా అత్త ఉండాదే, ఆమెకు ఈ మాట చెవినపడితే తొందరవు, పెద్ద రచ్చ అయిపోతుంది." ఆపైన లేచింది. తినిపొమ్మని నా భార్య అడిగినా వినలేదు. చెప్పులు వేసుకుని, "బస్సుకు టైమయింది," అంది. పోయొస్తా అని అనలేదు. మా వాళ్ళలో శత్రువైనా గడప దిగేటప్పుడు పోయొస్తా అంటాడు. కోసిన మామిడి ముక్కలు పళ్ళెంలో నల్లబడుతున్నాయి.

ఆమె అటు వెళ్ళిన కాసేపటికే మా కొడుకూ కోడలూ పత్రికల కట్టలతో దిగారు. కొత్త సిరా వాసన హాలంతా నిండింది. సంగతి విని మా కొడుకు మొదట నవ్వాడు. "మనింటి పెళ్ళికి తీర్పు ఆ రక్తం తాగే ముసలిది చెప్తావుండాదా? పిలవండి, దానికీ ఒక పత్రిక ఇస్తాం!" ఎవరూ నవ్వకపోయేసరికి అతనికీ అర్థమైంది. అక్క ఒక్కమాటే అంది. "మీరు పెళ్ళి చేసుకోండి, నేను అడ్డం రాను. నా చేత పసుపు మాత్రం పెట్టించొద్దు." చీర కొంగు సర్దుకుని వీధి దాటి ఇంటికి వెళ్ళిపోయింది. ఆమె పసుపు పెట్టని పత్రిక తీసుకుని ఊళ్ళోకి వెళితే, ప్రతి గడపలోనూ ఎందుకని అడుగుతారు. మేము జవాబు చెప్పేలోపే ఆ జవాబు మా కంటే ముందు సేత్తూరు చేరుతుంది. పిల్ల పెళ్ళి ఎటు తేలేదీ ఆ పసుపులోనే ఉందని అందరికీ తెలుసు.

మనవరాలు గదిలోకి పోయి తలుపేసుకుని ఫోన్ చేసింది. మాటలు వినబడలేదు. బయటికి వచ్చినప్పుడు మొహం కడుక్కుని ఉంది.

"రేపు పొద్దున వస్తాడంట తాతా."

"ఏమన్నాడు?"

"ఫోన్లో చెప్పేది కాదంట."

ఆ మాటతో మా కోడలు గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఎదురుగా చెప్పాలనుకునేది మంచిమాట కాదనే మేమంతా అనుకున్నాం. పత్రికల కట్టలు తాడు విప్పకుండా ఉయ్యాలబల్ల మీదే ఉన్నాయి. ఆ రాత్రి ఎవరూ ఆ బల్ల మీద కూర్చోలేదు.

మరునాడు పొద్దున బైక్ చప్పుడైంది. అతను వచ్చాడు, వెనక అతని తల్లి. ఆమె మొహం చూస్తే నిద్రపోయినట్టు లేదు. ఎందుకు తీసుకొచ్చాడో ఆమెకూ తెలియదట. నేను అక్కను పిలవడానికి వెళ్ళేలోపే అక్కే వచ్చింది, మెట్టు దగ్గరే నిలబడింది. కూర్చోమన్నా అబ్బాయి కూర్చోలేదు. పర్సులో నుంచి డ్రైవింగ్ లైసెన్సు తీసి అక్క చేతిలో పెట్టాడు.

"ఇది ఏమి?" అంది అక్క. కళ్ళద్దాలు లేక నాకు ఇచ్చింది. "చదవరా."

పేరు, తండ్రి పేరు, ఊరు చదివాను. ఇందులో ఏముందని అడగబోతూ రక్తం గ్రూపు రాసిన చోట ఆగాను.

"బి పాజిటివ్," అన్నాను.

"నాది ఓ," అంది మా మనవరాలు వెంటనే. అని, ఆగిపోయింది.

"అవును," అన్నాడు అబ్బాయి. "నాది నీకు ఎక్కించకూడదు. ఎక్కించనూ లేదు." ఇక అక్క వైపు తిరిగాడు. "బ్లడ్ బ్యాంకులో ఒకరి రక్తం తీసుకుంటారు పెద్దవ్వా. దానికి బదులు లోపల ఉండే సరైన గ్రూపు రక్తం బయటికి ఇస్తారు. నేను ఇచ్చింది లోపలికి పోయింది. ఈ పిల్లకు ఎక్కించింది ఎవరో ఇచ్చి పెట్టిపోయినది."

ముందు తేరుకున్నది అతని తల్లి. వాడి భుజం మీద చెయ్యి పెట్టి ఒక్క చరుపు చరిచింది.

"రెండేళ్ళుగా ఊరంతా చెప్పుకున్నా గదరా! నా కొడుకు రక్తం పోసి పిల్లను బతికించినాడని! గుళ్ళో చెప్పినా, బస్సులో చెప్పినా, నిచ్చయంలో అంతమంది ముందర చెప్పినా!"

"నువ్వే చెప్పుకున్నావమ్మా. నేను ఎప్పుడైనా చెప్పినానా?"

"కాదని కూడా చెప్పలేదే!"

మా మనవరాలు అతని ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీకు ముందే తెలుసా?"

ముందురోజు టీవీలో విన్న మాటే. ఆమెకు ఆ సంగతి గుర్తున్నట్టు లేదు. నాకు గుర్తుంది. ఇతనూ తల వంచుకుంటాడేమోనని చూశాను. వంచుకోలేదు.

"ఆ రోజే తెలుసు. నా గ్రూపు రాసుకొనేటప్పుడే ఆ బ్యాంకు నర్సు చెప్పింది."

"మరి నేను థాంక్స్ చెప్పినప్పుడంతా?"

"నువ్వు చెప్తావుంటే వినేదానికి బాగుండింది." కొంచెం ఆగి, మా అందరినీ చూస్తూ అన్నాడు. "ఆ మాట లేకుంటే నన్ను మీ ఇంట్లోకి ఎవరు రానిచ్చుందురు? ట్రాక్టర్ అమ్మేవాడిని. నిన్న ఫోన్లో ఈ పిల్ల ఏడుస్తావుంటే... దానికంటే నిజం చెప్పేదే నయం అనుకున్నాను. ఇప్పుడు వద్దంటే వద్దనండి. అబద్ధం మీద వద్దు."

మా మనవరాలు వంటింట్లోకి వెళ్ళిపోయింది. గిన్నెల చప్పుడు గట్టిగా వినబడింది. నాకు ఇంకో ఆశ్చర్యం. కట్టుగుడ్డ మీద ప్రతి పోగునూ భూతద్దం పెట్టి చూసినవాణ్ణి, ఆ ఆస్పత్రిలో రెండు వారాలు తిరిగినవాణ్ణి, అతని గ్రూపేమిటని ఒక్కసారీ అడగలేదు. రక్తం ఇచ్చాడన్నారు, దండం పెట్టాను, అంతటితో సరిపెట్టుకున్నాను. ఊళ్ళో అందరూ అంతే.

మనవరాలు పళ్ళెంలో కాఫీ తెచ్చింది. అక్కకు, కాబోయే అత్తగారికి, నాకు, అందరికీ ఇచ్చింది. అబ్బాయి ముందు మాత్రం గ్లాసు మంచినీళ్ళు పెట్టింది.

"నాకు కాఫీ లేదా?"

"బి పాజిటివ్ వాళ్ళకు కాఫీ ఎక్కించకూడదు."

అబ్బాయి తల్లి నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకుంది. నా భార్య గట్టిగా ఊపిరి వదిలింది. అబ్బాయి ఆ నీళ్ళు అట్లాగే తాగేశాడు.

అక్క ఇంకా మెట్టు దగ్గరే ఉంది. కాఫీ తాగలేదు. వరస తేలలేదని అర్థం.

"సరి. నీది ఎక్కలేదు," అంది. "మరి ఎవరిది ఎక్కింది?"

"తెలియదు పెద్దవ్వా. చెప్పరు."

"ఎందరిది?"

"రెండు సంచులు ఎక్కించినారు," అన్నాను నేను. "ఇద్దరివి అయ్యుంటాయి."

"మగోళ్ళా, ఆడోళ్ళా? ఏ ఊరు?"

"అదేదీ తెలియదక్కా. వాళ్ళకు కూడా తెలియదు, ఎవరికి పోయిందో."

అక్క జీవితంలో వరస తెలియని మనిషి ఉండడం ఇదే మొదటిసారి అనుకుంటాను. చివరికి లోపలికి వచ్చి కాఫీ గ్లాసు అందుకుంది. రెండు గుక్కలు తాగి, "పసుపు తడిపి తీసుకొనిరా," అని నా భార్యకు చెప్పింది. మా కొడుకు ఉయ్యాలబల్ల మీది కట్ట తాడు తెంపాడు. అక్క మొదటి పత్రిక తీసుకుని నాలుగు మూలలా పసుపు పెట్టి, దేవుడి ముందు పెట్టింది. సేత్తూరు ఆమె దండం పెట్టుకుంటూ ఏడ్చింది.

అక్క లేవలేదు. ఇంకా రెండు పత్రికలు అడిగింది. వాటికీ నాలుగు మూలలా పసుపు పెట్టింది. కవర్లలో పెట్టి నా చేతికిచ్చింది.

"రాయరా."

మా ఇంట్లో కవర్ల మీద పేర్లు రాసేది నేనే. పెన్ను మూత తీశాను.

"ఏమని రాయాలక్కా?"

"ఏమీ రాయొద్దు. సుమ్మా పట్టుకో," అంది. కొంచెంసేపు నా చేతిలో ఉండనిచ్చి, తిరిగి తీసుకుని దేవుడి దీపం పక్కన, మొదటి పత్రికకు చెరొక వైపూ నిలబెట్టింది. తర్వాత అబ్బాయిని పిలిచి, "వీళ్ళిద్దరూ నీకు మామగార్లు. దండం పెట్టుకో," అంది.

అతను పెట్టుకున్నాడు. వెళ్ళేటప్పుడు బైక్ ఎక్కబోతూ అతని తల్లి వెనక్కి తిరిగి, "పెద్దత్తా, పోయొస్తా," అని వీధి వినబడేట్టు అరిచింది.